గుడ్ మార్నింగ్ ఫొటోల దొంగ దాక్కుంటడా?

వాట్సాప్ ఉన్నోళ్లకు గీ మెసేజ్ ఒక్కసారన్న వచ్చే ఉంటది. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ ఫొటోలు పంపొద్దట. వచ్చినయి ఉంటే ఎంటనే తీసెయ్యాల్నట. చైనా హ్యాకర్లు ఆ పూలబొమ్మల ఎనుక కోడ్ దాచిపెట్టి బ్యాంకు పైసలు గుంజుతున్నరట. కింద షాంఘైల ఏదో న్యూస్ సంస్థ చెప్పిందని ఒక ముక్క. ఏండ్ల సంది దేశదేశాలు తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది. ఉత్తదేనని ఫ్యాక్ట్ చెక్ చేసేటోళ్లు ఎప్పుడో తేల్చిన్రు. అయినా మా పాలకుర్తి దిక్కు పదో తరగతి బ్యాచ్ గ్రూపు కాంచి మహిళా సంఘం గ్రూపు దాకా తిరుగుతనే ఉంటది. దాని కింద నాలుగు దండాలు పెడ్తరు, తెల్లారంగనే మళ్ల సోమేశ్వరస్వామి గుట్ట మీద పొద్దు పొడిచే ఫొటో, శుభోదయం అని.

నవ్వుకోని ఊకోవచ్చు. కని ఆ అబద్ధం లోపల ఒక నిజం ఇరుక్కోని ఉన్నది. ఫొటోతోని ఫోన్‌ను చేతుల పెట్టుకునుడు అయ్యే పనే. మన దేశంలనే, ఒక జర్నలిస్టు ఫోన్ మీద, 2023ల ఆ పనికి పూనుకున్నరు. కాకపోతే మెసేజ్ల చెప్పినట్టు పూలబొమ్మల కోడ్ కాదు, గుడ్ మార్నింగ్‌లు పంపే మన అత్తమ్మల మీద గురి కాదు. ఏది చూసి భయపడాలె, ఏది చూసి పడొద్దు అనేది తెల్వాలంటే ఫొటో ఫైలు లోపల ఏముంటదో జెర చూడాలె.

ఫొటో అంటే మనకు బొమ్మ. ఫోన్‌కు మాత్రం అదొక అంకెల మూట. కెమెరా తీసిన బొమ్మను ఉన్నదున్నట్టు దాస్తే మస్తు జాగ తింటది, అందుకే పిండి, మడతబెట్టి చిన్న మూట గడ్తరు. జేపెగ్, పీఎన్‌జీ, గిఫ్, వెబ్‌పీ అనేటియి ఆ మూట గట్టే తీర్లు. మూట మీద ఒక చిట్టి ఉంటది: అడ్డం ఇన్ని చుక్కలు, నిలువు ఇన్ని చుక్కలు, లోపల గీ ముక్క పొడుగు గింత అని. ఫొటో తెరిచే సాఫ్ట్‌వేర్ ముందుగాల ఆ చిట్టి చదివి, మెమరీల గంత జాగ ఇడిచిపెట్టి, మూట ఇప్పి దాంట్ల పోస్తది. గీ ఇప్పే పని చేసేదాన్ని డీకోడర్ అంటరు. గ్యాలరీ యాప్ అయినా, వాట్సాప్ అయినా, కంప్యూటర్ల ఫొటో వ్యూయర్ అయినా లోపల డీకోడర్ ఉండాల్సిందే.

తిప్పలంత ఆ చిట్టి కాడ్నే. ఐకేపీ సెంటర్ల వడ్ల బస్తా మీద 40 కిలోలని చిట్టి ఉన్నంత మాత్రాన కాంట పెట్టకుండ లారీ ఎక్కిస్తరా? ఎక్కియ్యరు. (రైతు బస్తాకైతే కాంట పెట్టినంక తరుగు సుత తీస్తరు, అది వేరే ఏడుపు.) డీకోడర్లు మాత్రం చానాసార్లు చిట్టిని కాంట పెట్టకుండనే నమ్ముతయ్. ఆ చిట్టి రాసింది ఎవలు? ఫొటో ఫైలు తయారు చేసినోడు. వాడే దొంగ అయితే?

నమ్మితే ఏమైతదో చూడున్రి. మీసేవల ఒక దరఖాస్తు ఫారం ఉన్నదనుకుందాం. పేరు రాసేతందుకు 20 గడ్లు ఉన్నయ్, ఆ పక్కపొంటే బ్యాంకు ఖాతా నంబర్ గడ్లు. రాసేటోడు తల ఎత్తని రకం. నువ్వు 20 అక్షరాలు చెప్తే 20 రాస్తడు, 35 చెప్తే 35 రాస్తడు, గడ్లు అయిపోయినా వాని చెయ్యి ఆగది. ఎవడన్న తెలివిగల్లోడు వచ్చి పేరు అనుకుంట 20 అక్షరాలు చెప్పి, ఆగకుండ ఇంకో 15 అంకెలు చెప్పిండనుకో. అవి పోయి ఖాతా గడ్లల్ల కూసుంటయ్. లోపల ఉన్న ఆఫీసర్ పేరు గడ్లు చూడడు, ఖాతా గడ్లల్ల ఏ నంబర్ ఉంటే పైసలు అటు పంపుతడు. కాయిదాల మీద అంత సక్కగనే ఉన్నట్టు కనవడ్తది, పైసలు మాత్రం దొంగ ఖాతాల పడ్డయ్.

గిదే బఫర్ ఓవర్‌ఫ్లో. బఫర్ అంటే డాటా పోసేతందుకు ఇడిచిపెట్టిన జాగ. ఓవర్‌ఫ్లో అంటే అది నిండి పక్కకు పొర్లుడు. మెమరీల సుత ఖాతా నంబర్ అసొంటి గడ్లు ఉంటయ్, ఈ పని అయినంక యాడికి పోవాలె, ఏం చెయ్యాలె అని రాసిపెట్టుకునే అడ్రస్‌లు. ఫొటో డాటా పొర్లి ఆ అడ్రస్ మీద పడితే, ఫోన్ దొంగ చెప్పిన కాడికి పోయి దొంగ ఇచ్చిన పని చేస్తది. మైకు తెరువమంటే తెరుస్తది, మెసేజ్‌లు పంపమంటే పంపుతది. పొర్లిన ప్రతిసారి గట్లనే అయితదని గాదు. ఎక్కువపాలు యాప్ బందయ్యి ఊకుంటది. గురి చూసి పొర్లియ్యాలంటే చానా విద్య కావాలె.

రోగం పాతదే. 1988 నవంబర్ల అమెరికాల రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఇడిసిన పురుగు ఆనాటి ఇంటర్నెట్ల వేల కంప్యూటర్లను ఆగం చేసింది. అది దూరిన సందులల్ల గీ పొర్లుడు ఒకటి. ఫొటోల దిక్కు వస్తే ఒక జేపెగ్ కథ చెప్పాలె, ఎంత చిన్న తప్పు ఎంత పెద్ద దర్వాజ తెరుస్తదో దాంట్ల మంచిగ కనవడ్తది.

జేపెగ్ ఫైలుల కామెంట్ అని ఒక ముక్క ఉంటది, ఫొటో గురించి ఏదన్న మాట రాసుకునేతందుకు. ఆ ముక్క ముంగట దాని పొడుగు రెండు బైట్లల్ల రాస్తరు. రూల్ ఏందంటే, పొడుగు రాసిన ఆ రెండు బైట్లు సుత లెక్కల కలవాలె. అంటే కామెంట్ ఖాళీగ ఉన్నా పొడుగు 2 ఉండాలె. ఇప్పే సాఫ్ట్‌వేర్ ఆ అంకెల నుంచి 2 తీసేసి, మిగిలినంత డాటా చదువుకుంటది. మరి చిట్టి మీద 0 అనో 1 అనో రాస్తే? 1 నుంచి 2 తీసేస్తే మనకు మైనస్ 1. పొడుగు మైనస్‌ల ఎట్లుంటది అనుకోని రాసిన సాఫ్ట్‌వేర్‌కు మైనస్ అంటేనే తెల్వది. సున్నా మీదున్న బండి మీటర్‌ను ఎనుకకు తిప్పితే 99999 పడ్డట్టు, దానికి 429 కోట్లకు పైన అంకె కనవడ్తది. ఇగ గంత పొడుగు డాటా ఉన్నదనుకోని చిన్న గిన్నెల పోసుడు షురూ చేస్తది.

ఈ తప్పును 2000 సంవత్సరంల నెట్‌స్కేప్ బ్రౌజర్ల పట్టుకున్నరు. సోలార్ డిజైనర్ అనే పేరుతోని రాసే రష్యా నిపుణుడు దాన్ని బయటపెట్టిండు, దిద్దిన్రు, అయిపోయింది అనుకున్నరు. నాలుగేండ్లకు, 2004 సెప్టెంబర్ల, మైక్రోసాఫ్ట్ ఒక పెద్ద హెచ్చరిక ఇచ్చింది. విండోస్ ఎక్స్‌పీల, ఆఫీస్‌ల ఫొటోలు చూపెట్టే జీడీఐ ప్లస్ అనే ముక్కల అదే కామెంట్, అదే 2, అదే తీసివేత. ఒకడు పడ్డ బాయి కాడ కట్ట కట్టకపోతే ఇంకోడు వచ్చి పడుడు గిట్లనే ఉంటది.

ముట్టకుండనే ఎట్ల?

సరే, తెల్వనోళ్లు పంపిన ఫొటో ముట్టకపోతే అయిపాయె గదా అని అంటరు. కంప్యూటర్ల కాలంల ఆ మాట కొంత చెల్లింది. ఫోన్ల కాలంల చెల్లది. మెసేజ్ రాంగనే ఫోన్ పైన చిన్న బొమ్మ చూపెడ్తది, చూసిన్రా? ఆ చిన్న బొమ్మ చూపెట్టాలంటే ఫోన్ అప్పటికే మూట ఇప్పి ఉండాలె. నువ్వు పొలంల ఉన్నా, ఫోన్ ఇంట్ల చార్జింగ్‌ల ఉన్నా, డీకోడర్ దాని పని అది చేసింది. దీన్నే జీరో క్లిక్ అంటరు. వేలు పెట్టుడు మన చేతుల లేదు.

ఇంకో భ్రమ సుత ఉన్నది. వాట్సాప్ ఫొటోను చిన్నగ చేసి పంపుతది గదా, గట్ల చేసినప్పుడు దొంగ సరుకు రాలిపోదా అని. ఆ చిన్నగ చేసుడు పంపెటోని ఫోన్లనే అయితది. నడుమ కంపెనీ ఫొటోను తెరిచి చూడది, తాళం వేసి పంపుడు అంటే అదే. దొంగకు ఆ చిన్నగ చేసే పని ఎగ్గొట్టుడు పెద్ద కష్టం గాదు.

2021ల బయటపడ్డ ఫోర్స్‌డ్‌ఎంట్రీ అనే దాడిని చూస్తే కండ్లు తిరుగుతయ్. ఇజ్రాయెల్ ఎన్ఎస్ఓ కంపెనీ పెగాసస్ గూఢచారి సాఫ్ట్‌వేర్‌ను ఐఫోన్లల్ల దింపేతందుకు వాడింది అది. సౌదీ ఉద్యమకారుని ఫోన్ల కెనడా టొరంటో యూనివర్సిటీల ఉన్న సిటిజన్ ల్యాబ్ వాళ్లకు దొరికింది. ఫైలు పేరు చూస్తే గిఫ్ బొమ్మ, లోపల చూస్తే పీడీఎఫ్. దాంట్ల జేబిగ్2 అని ఫ్యాక్స్, స్కానర్ల కాలం నాటి మూటగట్టే తీరు. ఆ పాత తీరు చిట్టిల అంకెల లెక్క తప్పితే పొర్లేటట్టు ఉండె. దాన్ని పట్టుకోని 70,000కు పైన చిన్న చిన్న ఆజ్ఞలతోని ఫొటో ఇప్పే పని నడుమనే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ కట్టిన్రు. గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు దాన్ని ఇప్పి చూసి రాసిన లెక్క ఇది. ఫ్యాక్స్ మిషిన్లు మన ఆఫీసులల్ల నుంచి ఎప్పుడో పోయినయ్, వాటి భాష చదివే డీకోడర్ మాత్రం జేబుల ఫోన్ల కూసోని ఉన్నది. ఎవలకు అక్కరలేని పాత తీర్లు లోపల పడి ఉండుడే సగం దరిద్రం.

మన దేశానికి తగిలింది 2023ల. ఆ ఏడు ఆగస్టు 23న ఓసీసీఆర్‌పీ అనే పరిశోధన జర్నలిస్టుల సంస్థల పనిచేసే ఆనంద్ మంగ్నాలే ఐఫోన్‌కు ఐమెసేజ్ మీద దాడి వచ్చింది. బ్లాస్ట్‌పాస్ అని పేరుపెట్టిన దాడి. టికెట్లు, పాసులు దాచుకునే వాలెట్ ఫైలు రూపంల వచ్చి, దాని లోపల వెబ్‌పీ తీరు ఫొటో. వెబ్‌పీ ఇప్పేటప్పుడు ఒక పట్టిక తయారు చేసుకోవాలె. సక్కగ ఉన్న ఫొటోకు ఆ పట్టిక ఎంత పెద్దగ అయినా ఇంతకు మించది అని లెక్కగట్టి జాగ ఇడిచిన్రు. కావాలని వంకరగ చేసిన ఫొటో వస్తే పట్టిక ఆ జాగ దాటుతది. అంతే, పొర్లింది. అమ్నెస్టీ ఇంటర్నేషనల్ సెక్యూరిటీ ల్యాబ్ వాళ్లు ఆ డిసెంబర్ 28న వాషింగ్టన్ పోస్ట్‌తోని కలిసి ఈ సంగతి బయటపెట్టిన్రు. ది వైర్ సంపాదకుడు సిద్ధార్థ్ వరదరాజన్ ఫోన్‌ను సుత అక్టోబర్ల గురి పెట్టినట్టు చెప్పిన్రు. మంగ్నాలే ఫోన్ల గూఢచారి లోపలికి పోయిందా, గడప కాడ్నే ఆగిందా అన్నది తేల్చలేకపోయిన్రు.

అదే సంవత్సరం అక్టోబర్ 31న యాపిల్ నుంచి హెచ్చరికలు వచ్చినయని దేశంల చానామంది ప్రతిపక్ష నాయకులు, జర్నలిస్టులు చెప్పిన్రు. మన తెలుగోళ్లల్ల హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఉన్నడు, సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి ఉన్నడు. సర్కారు మద్దతు ఉన్న దాడి అయ్యుండొచ్చని ఆ హెచ్చరికల ఉన్నది, ఏ సర్కారు అన్నది యాపిల్ చెప్పలే. కొన్ని ఉత్త అలారాలు సుత కావొచ్చన్నది. వాళ్ల మీదికి వచ్చింది ఫొటో దాడేనా అన్నది సుత ఎవలూ చెప్పలే, కలిపి మాట్లాడుడు తప్పు. ఎన్ఎస్ఓ మాత్రం మా సరుకు సర్కార్లకు తప్ప ఎవలకు అమ్మం అని ఎప్పుడూ చెప్పే మాటే. మన కేంద్ర సర్కారు కొన్నదా లేదా అంటే, దేశ భద్రత అనుకుంట సుప్రీంకోర్టుల సుత తేటగ చెప్పలే. జస్టిస్ ఎన్వీ రమణ బెంచ్ 2021 అక్టోబర్ల వేసిన కమిటీ 29 ఫోన్లు చూసి, అయిదింట్ల ఏదో చెడు సాఫ్ట్‌వేర్ ఉన్నదని, అది పెగాససే అని చెప్పలేమని 2022ల రిపోర్టు ఇచ్చింది. సర్కారు మాకు సహకరించలే అని కమిటీ రాసిందని రమణే కోర్టుల చెప్పిండు. మన తెలంగాణల 2024 నుంచి నడుస్తున్న ఫోన్ ట్యాపింగ్ కేసు దీంతోని కలపొద్దు. అక్కడ ముచ్చట నడుమ తోవల మాటలు ఇనుడు గురించి. ఇక్కడ ఫోనే శత్రువు చేతికి పోతది.

ఐఫోన్ కొనే స్తోమత ఉన్నోళ్ల గోస మాకెందుకు అంటరేమో. శాంసంగ్ ఫోన్ల సంగతి ఇనున్రి. 2014 చివరి నుంచి వచ్చిన శాంసంగ్ ఫోన్లల్ల క్యూమేజ్ అనే ఫొటో తీరు డీకోడర్ ఉండె. దాంట్ల పొర్లుడు తప్పులు కుప్పలు ఉన్నయని ప్రాజెక్ట్ జీరోల మతేయుష్ యుర్చిక్ 2020ల చూపెట్టిండు. యాభై నుంచి మూడు వందల దాకా ఎంఎంఎస్‌లు చప్పుడు కాకుండ పంపి, సుమారు 100 నిమిషాలల్ల ఫోన్‌ను పట్టి చూపెట్టిండు. గన్ని ఎందుకంటే ఫోన్ తన గడ్లను ప్రతిసారి అటిటు మార్చి పెడ్తది, ఖాతా గడి యాడున్నదో దొంగ తడుముకోవాలె. ఆ ఏడు మే నెలల శాంసంగ్ దిద్దింది. 2025 నవంబర్ల పాలో ఆల్టో కంపెనీ పరిశోధకులు ఇంకోటి బయటపెట్టిన్రు, ల్యాండ్‌ఫాల్ అని. డీఎన్‌జీ తీరు ఫొటోలు, వాట్సాప్ ఫొటోలకు ఉండే అసొంటి పేర్లు, గురి గెలాక్సీ ఫోన్లు. గురి పెట్టింది పశ్చిమాసియా దిక్కు మనుషుల మీద అని వాళ్ల అంచనా. ఆ సందును శాంసంగ్ అదే ఏడు ఏప్రిల్ల మూసింది. మూసేదాకా నెలల తరబడి ఎవలకు తెల్వకుండ నడిచింది.

మరి మన ఊర్ల?

ఉన్నమాట చెప్పుకోవాలె. పాలకుర్తిల పత్తి అమ్ముకున్న రైతు ఖాతా కోసం ఎవడు గింత ఖరీదు సామాను వాడడు. గీ ఫొటో దాడులు తయారు చెయ్యాలంటే కోట్ల ఖర్చు, ఏండ్ల విద్య. ఒకసారి వాడి దొరికిపోతే ఆ సందు మూసుకపోతది. అందుకే సర్కార్ల మీద రాసేటోళ్లు, కొట్లాడేటోళ్లు, వకీళ్లు, నాయకులు, వాళ్ల మీదనే గురి. చాకలి ఐలమ్మ పంటను గుంజుకపోయేతందుకు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను తోలిన ఊరు ఇది. ఎదురు తిరిగిన మనిషి మీదనే బలగం ఎందుకు దిగుతదో ఈడ ఎవలకు చెప్పే పని లేదు.

మన పైసలు గుంజే దొంగ చానా చవుక దొంగ. వాడు ఫొటో అని పంపడు, ఏపీకే అని పంపుతడు. ట్రాఫిక్ చలాన్ అంటడు, పీఎం కిసాన్ అంటడు, పెండ్లి పత్రిక అంటడు. పెండ్లి పత్రిక అనంగనే ఎవల పెండ్లో అని ముట్టుడు మన అలవాటు. ముట్టినంక ఫోన్ అడుగుతది, తెల్వని యాప్ ఎక్కియ్యాల్నా అని. సరే అంటిమి. మెసేజ్‌లు చదువనియ్యాల్నా అంటది. సరే అంటిమి. ఓటీపీ పోయె, పైసలు పోయె. ఈడ ఏ గడీ పొర్లలే, ఏ లెక్కా తప్పలే, దర్వాజ మన చేతులతోనే తీసినం. గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్ చేసే అసలు నష్టం ఇది. పూలబొమ్మ చూసి వణికే మనిషి, కలెక్టర్ ఆఫీస్ ముద్ర ఉన్న ఏపీకే చూసి నమ్ముతడు. గట్ల పైసలు పోతే 1930కి ఎంటనే ఫోన్ చెయ్యాలె. గంటలు గడిచినకొద్ది పైసలు ఖాతాలు దాటుతయ్.

అయితే పొర్లుడు సందులు మనకు సంబంధమే లేదని సుత అనలేం. నాకు అసలు గుబులు ఈడనే. ఒక సందును కంపెనీ మూసిన దినం, ఆ సందు యాడుండెనో లోకానికి అంతా తెలుస్తది. మూసిన కోడ్, మూయని కోడ్ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనవడ్తది. వెబ్‌పీ సంగతే చూడున్రి. 2023 సెప్టెంబర్ 7న యాపిల్ దిద్దింది. 11న గూగుల్ క్రోమ్‌ను దిద్దింది. ఆ ఎనుక ఫైర్‌ఫాక్స్, ఇంకా ఎన్నో యాప్‌లు లైన్ కట్టినయ్, ఎందుకంటే అందరు వాడింది ఒక్కటే ఉచిత డీకోడర్. కొన్ని నెలలకే అది కోటి రూపాల రహస్యం గాదు, చదువుకున్న పిల్లలు సుత అర్థం చేసుకునే పాఠం. అప్పటి నుంచి గండం ఎవలకు? కొత్త ఫోన్ కొనేటోళ్లకు గాదు. అప్‌డేట్ రాని ఫోన్ వాడేటోళ్లకు.

మన దిక్కు ఆ ఫోన్లు ఎవల చేతులల్ల ఉంటయో అందరికి ఎరుకే. పట్నంల కొడుకు కొత్తది కొన్నంక పాతది తల్లికి వస్తది. తల్లి నుంచి పిల్లగాని ఆటలకు. సెకండ్ హ్యాండ్ దుకాణంల నాలుగు వేలకు దొరికే ఫోన్‌కు కంపెనీ అప్‌డేట్ బంద్ చేసి ఎన్నేండ్లు అయిందో అమ్మెటోడు చెప్పడు, కొనేటోడు అడుగడు. బ్యాటరీ ఎట్లుంది, కెమెరా ఎట్లుంది, డిస్‌ప్లే మార్చిందా, గివే అడుగుతం. గదే ఫోన్ల ఫోన్‌పే, గదే ఫోన్ల ఆధార్, గదే ఫోన్ల పాస్‌బుక్ ఫొటో.

ఫ్లెక్సీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, జిరాక్స్ దుకాణాల కంప్యూటర్లు ఇంకో లోకం. ఊరు మొత్తం పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, వాట్సాప్ ఫొటోలు ఆ ఒక్క కంప్యూటర్ మీదనే తెరుస్తరు. పుట్టినదినం ఫ్లెక్సీ కాంచి కుల ధ్రువీకరణ పత్రం స్కాన్ దాకా అన్నీ దాంట్లనే. చానా కాడ విండోస్ 7 ఇంకా కనవడ్తది. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న చెయ్యి ఇడిసింది. విండోస్ 10 గడువు సుత 2025 అక్టోబర్ 14న తీరింది. ఎన్నడో ఎక్కిచ్చిన ఫొటో వ్యూయర్ దాంట్ల అట్లనే ఉంటది. ఇర్ఫాన్‌వ్యూ అసొంటిది మంచి సాఫ్ట్‌వేరే, తేలికగ ఉంటది, ఇంటి వాడకానికి ఉచితం, లోకంల ఉన్న ఫొటో తీర్లన్నీ తెరుస్తది. కని అన్నీ తెరిచేదానికి అన్ని డీకోడర్లు కావాలె. ఒక్కో డీకోడర్ ఒక్కో దర్వాజ. 2012ల దాని జేపెగ్-2000 ప్లగిన్ల గిసొంటి పొర్లుడే దొరికింది. తయారు చేసినోళ్లు దిద్దుతనే ఉంటరు, దిద్దింది దుకాణం కంప్యూటర్ దాకా రావాలె గదా. ఆ సెంటర్ నడిపే పిల్లగాండ్ల తప్పు అని అనను. రోజు కిరాయి ఎల్లదీసుడే గగనం, కొత్త కంప్యూటర్ యాడికెళ్లి తెస్తరు.

మూలం కాడ మందు లేక గాదు. ఈ డీకోడర్లు ఎక్కువపాలు సీ, సీ ప్లస్ ప్లస్ అనే భాషలల్ల రాసినయ్. గడ్లు అయిపోయినయా అని ఆ భాషలు వాటికవి చూడవు, రాసేటోడే ప్రతిసారి యాదికి పెట్టుకోని చూడాలె. రస్ట్ అసొంటి కొత్త భాషలు గడి దాటనియ్యవు. ఆండ్రాయిడ్ల కొత్త కోడ్‌ను అటు మలిపినంక, దొరికే సందులల్ల మెమరీకి సంబంధించినయి 2019ల నూటికి 76 ఉండె, 2024 నాటికి 24కు పడిపోయినయని గూగుల్ లెక్క చెప్పింది. కని ఆ మంచి కొత్త ఫోన్లదే. పాత ఫోన్ల పాత కోడ్ అట్లనే ఉంటది.

అందుకే నేను అడిగేది ఫోన్ వాడేటోళ్లను గాదు, అమ్మెటోళ్లను, సర్కారును. యూరప్‌ల 2025 జూన్ 20 నుంచి ఒక రూల్ వచ్చింది. ఒక మోడల్ అమ్ముడు బంద్ చేసినంక సుత కనీసం అయిదేండ్లు అప్‌డేట్‌లు ఇయ్యాలె. మన దగ్గర బిస్కెట్ పుడ మీద తేదీ రాస్తరు, యూరియా బస్తా మీద రాస్తరు, పది వేల ఫోన్ డబ్బా మీద అప్‌డేట్ ఎన్నడు బందైతదో రాయరు. దాన్ని రాయిపిచ్చుడు పెద్ద చట్టం పని గాదు. ఇంకోటి, కేంద్రం కింద సర్ట్-ఇన్ అనే సంస్థ ఉన్నది, ఏ సాఫ్ట్‌వేర్ల ఏ సందు ఉన్నదో హెచ్చరికలు ఇస్తది. ఇంగ్లీషుల, నిపుణుల మాటల్ల. సంస్కృతం రాజ్యమేలిన దినాలల్ల జాను తెనుగుల రాస్తనని పట్టువట్టిన పాల్కురికి సోమనాథుని పేరుల్నే మా ఊరు ఉన్నది. ఎనిమిది వందల ఏండ్లు దాటినా మా పైసలు మేము కాపాడుకునే ముచ్చట మా భాషల రాదు, అబద్ధపు ఫార్వర్డ్ మాత్రం సక్కని తెలుగుల వస్తది.

అప్పటిదాకా చేతుల ఉన్నయి కొన్ని. ప్లే స్టోర్ల వాట్సాప్, క్రోమ్ అప్‌డేట్ వస్తే ఆపకున్రి, ఫోన్‌కు కంపెనీ అప్‌డేట్ రాకపోయినా ఈ రెండు తమ సొంత డీకోడర్లను దిద్దుకుంటయ్. వాట్సాప్ సెట్టింగ్స్ల స్టోరేజ్ అండ్ డాటా కింద ఫొటోలు వాటికవే దిగుడు బంద్ పెట్టొచ్చు. పూర్తి కాపాడది, జెర తగ్గిస్తది, పైంగ నెట్ బ్యాలెన్స్ మిగులుతది. పత్రికల పనిచేసేటోళ్లు, సంఘాలల్ల తిరిగేటోళ్లు ఐఫోన్ వాడితే లాక్‌డౌన్ మోడ్ పెట్టుకున్రి, బ్లాస్ట్‌పాస్‌ను అది ఆపేదని సిటిజన్ ల్యాబ్, యాపిల్ రెండూ చెప్పినయ్.

ఇగ ఆండ్రాయిడ్ ఫోన్ చేతుల ఉన్నోళ్లు ఒక పని ఇప్పుడే చేయున్రి. సెట్టింగ్స్ల అబౌట్ ఫోన్, దాంట్ల ఆండ్రాయిడ్ వెర్షన్ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ తెరువున్రి. సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ కనవడ్తది. కొన్ని ఫోన్లల్ల సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్ అని ఉంటది. వెబ్‌పీ సందును మూసిన ఆండ్రాయిడ్ ప్యాచ్ తేదీ 2023 అక్టోబర్ 6. మీ ఫోన్ల తేదీ అంతకన్న ముందుదైతే, జర్నలిస్టు మీద వాడిన ఆ దర్వాజ మీ ఫోన్ల ఇంకా తెరిచే ఉన్నట్టు లెక్క. ఆ ఫోన్ను ఆటలకు, పాటలకు ఇడిసి, బ్యాంకు యాప్‌ను ఇంట్ల తేదీ దగ్గరగ ఉన్న ఫోన్లకు మార్చున్రి. అమ్మ చేతుల ఉన్న ఫోన్ల తేదీ ముందుగాల చూడున్రి.